సందు

చిత్తూరు కోర్టు గోడ పక్కన
నాలుగు రేకుల నీడ, ఒక స్టూలు,
దగ్గుతూ పనిచేసే ప్రింటరు, నేను.
పేజీకి ఇరవై.
తప్పులకు వేరే రేటు లేదు.

టైపింగ్ నేర్పిన ఏకాంబరం సారు
గ్రీమ్స్‌పేట మేడ మీద
పన్నెండు మిషన్ల హోరుకు పైన అరిచేవాడు:
"టు పక్కన క్రియ. క్రియ పక్కన టు.
నడుమ ఎవర్నీ దూరనీయొద్దు!"
దూరితే ఎర్ర పెన్సిలు.
స్లోలీ, క్లియర్లీ, కైండ్లీ,
అన్నీ పానకంలో పుడకలే.
ఏరి లైను చివరికి విసిరేసేవాడు.
ఎందుకు సార్ అని అడిగింది
మా బ్యాచీలో రెజీనా ఒక్కతే.
ఆయన కళ్ళజోడు తుడుచుకొని
"మా సారు ఒప్పుకునేవాడు కాదు" అన్నాడు.

మంగళవారం దొరసానమ్మ వచ్చింది.
బెల్లం గోడౌన్ ఆమెది, అద్దెకున్నది వెంగముని.
పెద్దమనుషుల ముందర అతను ఒప్పుకున్న సంగతి
లాయరు గిలికిన ఇంగ్లీషులో ఉంది:
అగ్రీడ్ ఇమ్మీడియట్లీ టు వెకేట్.

అక్కడ నా వేళ్ళు ఆగిపోయాయి.

వెంటనే. దేనికి వెంటనే?
వెంటనే ఒప్పుకున్నాడా,
వెంటనే పోతానని ఒప్పుకున్నాడా?
ప్రహరీ మీద పిల్లి ఆ మాట.
ఎవరు పాలు పోస్తే అటు దూకుతుంది.
అవతలి లాయరు తప్పకుండా పోస్తాడు:
"మావాడు ఒప్పుకోవడం వెంటనే ఒప్పుకున్నాడు.
పోవడానికి తొందరేముంది?"

సారు చెప్పినట్టు చివరికి తోశాను.
అక్కడ ఆరు నెలల అద్దె బాకీ ఉంది.
వెంటనే పోయి బాకీ పక్కన కూలబడింది,
గోడౌన్ సంగతే మర్చిపోయింది.

ఇక మిగిలింది ఒక్క చోటు.
ఎర్ర పెన్సిలు కాపలా కాసే చోటు.

"యేందిమే, వేలు అక్కడే పెట్టుకోనుండావు?"
తెలుగులో విడమరిచి చెప్పాను.
ఆమె వక్క బుగ్గకు తోసి
"వాడు ఒప్పుకునేదానికే ఏడాది పట్టె.
బిరీన ఒప్పుకున్నాడని రాస్తే దేవుడు గూడా నగుతాడు.
బిరీన పోవల్ల వాడు!
ఆ మాటను పోయేదానికి అంటించు.
సందు లేకుంటే సందు చెయ్యి.
ఈ కాగితం దిగులుతో మూడు దినాలుగా
నిద్దర గూడా పోలా నేను."

నిద్దర. గూడా. పోలా.

నిద్రపోవడం ఒకే పని కదా.
దాన్ని రెండుగా చీల్చి
నడుమ ఈ 'గూడా' ఎప్పుడు కూర్చుంది,
పలమనేరు బస్సులో ఇద్దరి సీట్లో
"కొంచిం జరగండబ్బా" అని మూడో మనిషి కూర్చున్నట్టు?
పుట్టినప్పటినుంచీ వింటున్నాను.
ఏ పెన్సిలూ దాన్ని లేపలేదు.
లేపితే ఆ నిద్రలేమి బరువంతా
ఎక్కడ దించుకుంటుందీమె?

టు కొట్టాను. ఖాళీ.
ఇమ్మీడియట్లీ. ఖాళీ.
వెకేట్.
మిషన్ ఏమీ అనలేదు.

లాయరు వచ్చి చదివాడు, ముఖం చిట్లించాడు,
జేబులో పెన్ను తీశాడు.
అక్షరం ముక్క రాని దొరసానమ్మ
నా వేలు ఆగిన చోటు గుర్తుపెట్టుకొని
సరిగ్గా ఆ లైను మీద
అరచెయ్యి ఆనించింది.
"ఉండనీ సామీ."

ఇరవై రూపాయలు, పైన ఒక బెల్లం అచ్చు.

నా ఇంటిదారి గ్రీమ్స్‌పేట మీదుగానే.
సారు మేడ మీద లైటు వెలుగుతూ ఉంటుంది.
ఇప్పుడు చెవులు సరిగా వినపడవట.
చెప్పాలి ఆయనకు.
మెల్లగా.

ఈ మెల్లగాను ఎక్కడ పెట్టాలో
ఇంకా తేలలేదు.