పెద్దమనిషెవరమ్మా

"పేషెంటు వెనక పెద్దమనిషెవరమ్మా?"
కాగితాల మీంచి తలెత్తకుండానే అడిగింది సిస్టరు.
గుంటూరు పెద్దాసుపత్రి, డయాలసిస్ గది గుమ్మం.
అమ్మ కోల్డ్ స్టోరేజీలో మిరప తొడిమలు తీస్తోంది.
మామ నిజాంపట్నం వైపు రొయ్యల చెరువుకి కాపలా,
తిన్న అడ్వాన్సు తీరేదాకా గట్టు దిగనివ్వరు.
మిగిలింది నేను.
ఏడో తరగతి అయింది. రెండు జడలు.
చేతిలో అవ్వ చెప్పుల జత.

అవ్వ పేరు ఏకిరి పోలమ్మ. యానాది.
వయసు?
"దివిసీమ ఉప్పెనకి నేను కడుపుతో ఉన్నా" అంది.
సిస్టరు అరవై అయిదు వేసుకుంది.

ఎర్రటి గొట్టాలు చూసి అవ్వ నవ్వింది:
"నా నెత్తురుకి ఊత పెట్టార్రా!
పొద్దుటి నించీ కాస్తన్నారు,
ఒక్క జెల్లన్నా పడిందేమో అడగవే."
పక్క మంచం ఖాదర్‌బీ నవ్వలేక దగ్గింది.
తర్వాత అవ్వ వాంతి చేసుకుంది.
నేను గిన్నె పట్టాను.

ఆ గిన్నె కడగబోయి
కుళాయి దగ్గర వంగినప్పుడు
పావడా వెనక తడి.
ఫినాయిల్ నీళ్లనుకున్నా.
కాదు.

గది నిండా నెత్తురే కదా,
గొట్టాల్లో ఒకరిది, సంచుల్లో ఒకరిది,
నాదొక్కటే దాచుకోవాల్సిందయింది.
చెప్పకుండానే అవ్వకి తెలిసింది.
"మామ లేడే, గుడిసె ఎవడేస్తాడే" అంది.

మాలో మేనమామ పచ్చి తాటాకులు కొట్టుకొస్తాడు.
ఇళ్లకి ఎడంగా చిన్న గుడిసె,
గుమ్మంలో ముషిణి రెమ్మ,
తొమ్మిదో నాడు గుడిసెకి నిప్పు.
అమ్మ గుడిసె కాలిన చోట గడ్డి
ఇప్పటికీ నల్లగా మొలుస్తుందని అవ్వ కోతలు కోస్తుంది.

నాకు దొరికింది మెట్ల కింద సందు.
సెలైన్ సీసాలొచ్చిన అట్టపెట్టె విప్పి పరుచుకున్నా.
ఖాదర్‌బీ కూతురు ప్యాడ్ల పొట్లం తెచ్చింది.
తెనాలామె ఎవరో, పేరడగలేదు,
చిమ్మిలి ముద్ద చేతిలో పెట్టి పోయింది.
ముషిణి రెమ్మ ఎక్కడ తెచ్చేది?
"వేపపుల్ల పెట్టుకో,
దెయ్యాలకి అంత చదువుండదులే" అంది అవ్వ.

అమ్మ వచ్చేసరికి రాత్రి తొమ్మిది.
మిరప ఘాటు చేతులు, నా మొహం నిమరలేదు.
మోచేత్తో దగ్గరికి లాక్కుంది.

అవ్వ ముంజేతి నరాలు కలిపి కుట్టిన చోటు
డాక్టరు నాకు చూపించాడు:
"రోజూ చెవి పెట్టి విను పాపా, జుమ్మని మోగాలి.
మోగకపోతే వెంటనే చెప్పు."
ఈ పని నాకు కొత్త కాదు.
కోతలైపోయిన చేలగట్ల మీద
అవ్వ నన్ను బోర్లా పడుకోబెట్టేది.
మట్టికి చెవి ఆనించి
ఏ బొక్కలో ఎలకుందో, ఏది ఉత్తదో చెప్పాలి.
తప్పు చెబితే మొట్టికాయ.

తొమ్మిదో నాడు
క్యాంటీను వెనక అట్టపెట్టె కాల్చేశా.
అగ్గిపెట్టె ఇచ్చిన ఆటో అతను ఎందుకన్నాడు.
చలికన్నా.
మే నెల.

మళ్ళీ కాగితం వచ్చింది.
మళ్ళీ "పెద్దమనిషెవరమ్మా?"
అవ్వ కళ్ళు తెరవకుండానే
"అదే. మొన్ననే అయింది" అంది.
సిస్టరు ఈసారి తలెత్తింది.
పెన్ను నా వైపు చాపింది,
ఏమనుకుందో, వెనక్కి తీసుకుంది.
"పద్దెనిమిది నిండాలి తల్లీ. మీ అమ్మని రమ్మను."

ఇప్పుడు రాత్రి ఎంతయిందో.
అమ్మ గోడకి ఆనుకుని నిద్రపోతోంది, అరచేతులు గాలికి తెరిచి.
అవ్వ చేతికి చెవి ఆనించా.
ఫ్యాను చప్పుడు. ఎవరిదో మూలుగు.
వరండాలో ట్రాలీ చక్రం కిర్రుమంటోంది.
ఇంకాస్త ఒత్తి పెట్టా.

"ఏముందే?" అంది నిద్దట్లోంచి.

"ఉండవ్వా. వింటన్నా."