ఇంటి ఖరీదు సున్నా

"ఇల్లు ఫ్రీ అమ్మా. పైసలు జాగకే"
అన్నాడు బ్రోకర్ జంగయ్య
బండి స్టాండు వేస్తూ వేస్తూనే.
మౌలాలి గుట్ట కనబడే పాత కాలనీ,
నూట నలభై గజాలు.
గజం రేటును గజాలతో గుణించి
ఫోన్లో అంకె నా ముఖానికి చూపించాడు.
ఆ లెక్కలో ఎక్కడా ఇల్లు లేదు.

ఇల్లు మాత్రం ఎదురుగా ఉంది.

పోర్టికో పైన పల్చటి కాంక్రీటు కప్పు
ఒక పక్క పైకి లేచి,
సలాం చెయ్యబోయి ఆపేసిన చెయ్యిలా.
మెట్ల పక్కన జాలీ గోడ,
గడికొక ఎండ ముక్క.
కిటికీ గ్రిల్లులో ఇనుప సూర్యుడు;
గోరుతో గీకితే ఆకుపచ్చ కింద బూడిద రంగు,
దాని కింద ఎవరిదో పెళ్ళినాటి పసుపు.
అరవై మూడులో
సిమెంటు కంపెనీ క్యాలెండర్లో బొమ్మ చూసి
కట్టించాడట ఓవర్సీర్ ముదలియార్.
వీధిలో ఇలాంటివి పదకొండు ఉండేవట.
ఇప్పుడు ఇది, ఇంకోటి.
మిగతా చోట్ల ఐదంతస్తులు, కింద కార్లు,
వాచ్‌మన్ ఆరేసిన లుంగీలు.

చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాను.
మొజాయిక్ నేల.
తెలుపులో నలుపు, అక్కడక్కడ ఒక ఎర్ర రాయి
జారిపడ్డ దానిమ్మ గింజలా.
బయట ఏప్రిల్.
అరికాళ్ళ కింద కూజా నీళ్ళు.
పన్నెండు గంటల డ్యూటీ దిగి వచ్చిన కాళ్ళు నావి,
నాకంటే ముందే బేరం ఒప్పేసుకున్నాయి.

"మెట్లు ఈశాన్యంల పడ్డయి, వంటిల్లు నైరుతిల"
గొంతు తగ్గించాడు జంగయ్య,
"మీరు చర్చికి పోయెటోళ్ళు, మీకు పట్టింపుండదు కదా!"
నిజానికి మా అత్తగారికి ఉంది.
ఇమ్మానుయేలు ఆ ఈశాన్యం పేరు చెప్పి
రెండు లక్షలు తగ్గించాడు.

బ్యాంకు ఇంజనీరు వచ్చాడు.
గోడల్ని వేలి కణుపుతో తట్టి, చెవి పెట్టి,
అచ్చం మా డాక్టరుగారిలాగే
కాగితం మీద రాశాడు:
కట్టడానికి మిగిలిన ఆయుష్షు పదిహేనేళ్ళు.
మేమడిగిన అప్పు ఇరవై ఏళ్ళకి.
ఇంటికంటే అప్పు ఎక్కువ కాలం బతక్కూడదట,
రూలు.

వార్డులో ఇలాంటి అంకెలు చాలా విన్నాను.
ఆరు నెలలన్న మనిషి
ఆరో ఏడు సంచీ నిండా జామకాయలు తెచ్చి
"సిస్టర్, గుర్తున్ననా?" అన్నాడు.
పదిహేనేళ్ళకే సంతకం పెట్టాం.
కిస్తీ పెరిగింది. నైట్ డ్యూటీలు పెరిగాయి.

వసంత ముదలియార్ మాకే ఎందుకు అమ్మింది?
ఇల్లు నిలబెడతామని కాదు.
బిల్డరు చెక్కు మీద
మూడు నెలల తర్వాతి తేదీ ఉందట, అందుకు.
రిజిస్ట్రేషన్ ఆఫీసు బయట సోడా తాగుతూ చెప్పింది.
తాళాలిచ్చాక మాత్రం, ఆటో ఎక్కి, మళ్ళీ దిగి
"స్నానాలగది తలుపు
కొంచెం పైకెత్తి లాగాలి" అంది.
అంతే.

నల్లటి గుండ్రటి స్విచ్చుల్ని ఇమ్మానుయేలు పీకెయ్యలేదు.
లాలాగూడ వర్క్‌షాపు నుంచి వచ్చాక
ఒక్కోటి విప్పి, ఇత్తడి తుడిచి, మళ్ళీ బిగించాడు.
టక్కుమంటాయి,
పిల్లలకి ఆ చప్పుడే ఆట.

జూన్లో మొదటి వాన.
నడిగదిలో, సరిగ్గా ఒక ఎర్ర రాయి మీద
కారింది.
బకెట్ పెట్టి లైటు తీసేశాం.
సిమెంటు, వాటర్‌ప్రూఫింగ్, మేస్త్రీ కూలీ
చీకట్లో కూడుకుంటూ పడుకున్నాడాయన.
నేను వాచీ పట్టుకుని లెక్కపెట్టాను, అలవాటు కొద్దీ:
నిమిషానికి పద్దెనిమిది చుక్కలు.
ఫర్వాలేదు.
ఇంత నిదానంగా ఎక్కుతుంటే
తెల్లారేదాకా సరిపోతుంది.