మూడో కార్డు

మొగిలప్ప మాత్రలు మింగినాడని
సంతకం పెట్టింది నేనే.
బంగారుపాళ్యం దాటి లోపలికి మూడు మైళ్లు,
పొద్దున్నే పోయి నోరు తెరవమని,
నాలుక కింద చూసి,
కార్డులో టిక్కు.
ఒంటికి ఎర్రగా పోతా ఉందమ్మా అంటే
మందు పని చేస్తా ఉంది అన్నాను.
అంత ధైర్యం ఎక్కడిదో నాకు.

మొదటి ఆరు నెలలకు బరువు పెరిగినాడు.
అప్పుడు నిజంగానే క్షయ.
అది పోయింది,
రొమ్ములో ఒక గుంత వదిలిపెట్టి.

రెండోసారి గళ్లలో ఏ పురుగూ కనపడలేదు.
ఫోటోలో మచ్చ ఉంది కదా అన్నారు.
మచ్చ ఉంది కాబట్టి మళ్లీ కార్డు.
మూడో కార్డు నాటికి
గళ్ల కాదు, నెత్తురు.

ఈలోగా ఆ ఇంట్లో
సత్తు గ్లాసు ఒకటి వేరైంది.
తక్కినవాటిలో కలిసిపోకుండా
అంచు కింద మేకుతో గీత గీసింది పెండ్లాం.
మనవరాలు గడప అవతల నిలబడే మాట్లాడేది.
అట్లా చేయమని చెప్పిందీ నేనే.

తిరుపతిలో ఒక చిన్న డాక్టరమ్మ
ఆయన్ని బోర్లా పండబెట్టి మళ్లీ స్కాను తీయించింది.
పాత గుంతలో ఏదో ఉండ.
మనిషి తిరిగితే అదీ తిరుగుతుంది,
ఎండిన చెనిక్కాయలో గింజ మాదిరి.
బూజు, అంది.
తడి చెయ్యి పెట్టిన ఊరగాయ మీద లేస్తుందే, అట్లాంటిది.
ఒకరి నుంచి ఒకరికి అంటుతుందా?
అంటదు.

ఆ ఒక్క మాటను
చిత్తూరు బస్టాండు దాకా ఒళ్లో పెట్టుకుని వచ్చినాను,
గ్లాసు మీది గీత ఎట్లా చెరపాలో తెలియక.

కొత్త మాత్రలు. మేకను అమ్మితే ఒక నెలకు.
నాలుగు నెలలైనా ఉండ అట్లనే ఉండాది.
గళ్ల ఎక్కడికో పంపితే జవాబొచ్చింది:
ఈ బూజు ఈ మందుకు లొంగదు.
ఇంతకు ముందెప్పుడైనా వాడినాడా?
లేదు, అన్నాను.

మొగిలప్ప నవ్వబోయి దగ్గినాడు.
ఇరవై ఏండ్లు మామిడి పూతకు మందు కొట్టిన మనిషి.
బూడిద తెగులు,
వీపున ట్యాంకు, మూతికి తువ్వాలు.
మేకులు వేసుకునే పాత డబ్బా తెచ్చి
నా ముందు పెట్టినాడు.
డబ్బా మీది పేరు, మాత్రల అట్ట మీది పేరు
కూడబలుక్కుని చదివినాను.
మనం ఇంటిపేరు ముందు రాసుకుంటాం,
ఇవి వెనక రాసుకుంటాయి.
రెండింటికీ ఒకటే: నజోల్.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారే,
ఇది తోటలో గెలిచి
రొమ్ములోకి వచ్చిందా తల్లీ, అని ఫోన్ చేసినాను.
కావచ్చు, అంది డాక్టరమ్మ.
ఖాయంగా చెప్పలేను, అంది.
మూడు కార్డుల్లో
చెప్పలేనని చెప్పిన మొదటి మనిషి.

ఇప్పుడు మాఘం. తోతాపురి పూత.
పక్క తోటలో ఎవడో కుర్రోడు, పంపు మోత.
గాలి ఇటే.
మొగిలప్ప నాకు టీ ఇచ్చినాడు,
గీత ఉన్న గ్లాసులో.
కావాలనే ఇచ్చినాడో, చేతికందింది ఇచ్చినాడో
అడగలేదు.
గీత ఉన్న వైపే తాగినాను.
చక్కెర ఎక్కువైంది.