లోపలి పుల్ల

బొబ్బిలి స్టేషన్ నుంచి గొల్లపల్లికి ఎడ్లబండి మీద
గోనెల్లో చుట్టి తెచ్చాడు దాన్ని.
శవమనుకుని మా ఆవిడ
లోపలికెళ్ళి తలుపేసుకుంది.

విప్పితే, వీణకు పెత్తల్లిలాంటిది.
నిలబెడితే నాకంటే జానెడెత్తు.
మెడ విరిగి ఉంది.
"కొత్తవలస కాడ లారీ గోతిలో పడిపోనాది బావూ.
పనస సెక్కతో నువ్వేటైనా సేస్తావన్నారు."

నలభయ్యేళ్ళుగా వీణలు చెక్కుతున్నవాణ్ణి,
మెట్లులేని మెడ చూసి నవ్వొచ్చింది.
గుర్తుల్లేకుండా వేలెక్కడ పెడతావయ్యా?
"సీకట్లో సొంతింటి గుమ్మం తగల్దేటి?" అన్నాడు
మజ్జి పెంటయ్య.

జిగురు ఆరడానికి ఐదు రోజులు.
మా పంచలోనే పడుకున్నాడు.
ఉలవచారు జుర్రుకుంటూ బతుకంతా చెప్పాడు,
వరసలో మాత్రం కాదు.

ముందు కలకత్తా. పెద్ద హోటలు.
పైన నల్లకోటు, లోపల చిరిగిన బనీను.
బోర్డు మీద పేరు పీటర్.
పెంటయ్యంటే దొరలు బోంచెయ్యర్రా అన్నాట్ట మేనేజరు.
అక్కణ్ణుంచి వెనక్కి, ఖరగ్‌పూర్.
శనివారం డాన్సులకి ఈ పెట్టె మోసే కూలి,
మోతకి ఆరణాలు.
వాయించే డెరిక్ దొర ఓ రాత్రి తాగి పడిపోతే
మోసినవాడే దాని వెనక నిలబడ్డాడు.
ఇంకా వెనక్కి,
నెల్లిమర్ల జూట్ మిల్లు గోడవార
మేనమామ చంకలో జముకు,
ఒకే ఒక్క నరం, లాగినకొద్దీ గొంతు మారేది.
"అదే బావూ ఇది. కాపోతే ఎదిగింది."

జాజ్ అన్నాడు. జాజి అనుకున్నాను.
సరిదిద్దలేదు.
"పాట అందరికీ తెలిసిందే ఉంటాది.
దాన్నొగ్గీసి ఎవుడెంత దూరం ఎల్లినా
తిరిగొచ్చీ దారి కింద నుండి నాను సెప్తుంటాను."
అంటే తాళమా? కాదు.
శ్రుతా? కాదు.
"రెండూ మోసీ కూలీ."

సొంత వరసలు ముప్పై ఒకటి,
కిరాణా కొట్టు చిట్టాపుస్తకంలో.
ఒకదాని పేరు చీపురుపల్లిలో సిగ్నలివ్వలేదు.
ఒకటి మామ దగ్గు.
గౌరమ్మకి రాసినదానికి పేరే లేదు,
ఆ కాగితం మూల మాత్రం మడిచి ఉంది.
ఆరు వరసలు రికార్డయ్యాయి.
అట్ట మీద ఫోటోలో నలుగురు మనుషులు,
ఓ అంచున వాయిద్యం మెడ, దాని మీద ఒక చెయ్యి.
"అది నా సెయ్యే" అని వేలు పెట్టి చూపించాడు.

తర్వాత పన్నులు పెరిగాయి, హోటళ్ళు పాటలు మానేశాయి.
బ్యాండులో ఇద్దరు ఆస్ట్రేలియా ఓడెక్కారు,
ఇతను మద్రాసు మెయిలెక్కాడు.
విజయనగరంలో పెళ్ళిబ్యాండు వాళ్ళు
నడుస్తూ వాయించగలవా అని అడిగారట.
అది చెప్పి దగ్గొచ్చేదాకా నవ్వాడు.

మొదటిరోజు నుంచీ దాని పొట్టలో గలగల.
నాలుగోరోజు కంతలో వేళ్ళు పెట్టి తీశాను,
చిన్న పుల్ల, రెండుగా చీలింది.
దాన్ని అంటించరట. మేకు లేదు, జిగురు లేదు.
ముందు పలకకీ వెనక పలకకీ మధ్య
తీగెల బరువు నొక్కుతుంటే నిలబడుతుందట,
బరువు దించితే పడిపోతుందట.
అదెందుకో చాలాసేపు చేతిలోనే పట్టుకున్నాను.

వీణకి మిగిలిన పనసముక్కతో కొత్తది చెక్కాను.
కర్ర వేరు, గొంతు మారుతుందేమో అన్నాను.
"మారనీ. మనూరి యాస పడతాది."

ఐదో సాయంత్రం నాలుగు తీగెలూ బిగించి
లావుపాటి దాన్ని ఒక్కసారి లాగి వదిలాడు.
చెవికి రాలేదది, అరికాళ్ళకొచ్చింది.
మైనం ఆరడానికి గోడకానించిన వీణ,
ఎవరూ ముట్టని వీణ,
సన్నగా ఊఁ అంది.
తర్వాత ఎంతసేపు వాయించాడో.
నా ఉలి ఎక్కడ పెట్టానో మర్నాటికిగాని దొరకలేదు.

పాతిక రూపాయలిచ్చాడు, పది వెనక్కిచ్చాను.
బండి మీద దాన్ని కౌగిలించుకుని కూర్చుని
రామభద్రపురం దారిన వెళ్ళాడు.
ఎక్కడ వాయించాడో, ఎవరు విన్నారో తెలీదు.

ఆ రాత్రి మా ఆవిడ అడిగింది:
అతను వెళ్ళిపోయాడా? మరి ఇంకా వస్తోందేమిటి?
నేను లేచి
గడప మీద చెయ్యి పెట్టి చూశాను.