ఎనిమిది అంగుళాలు

ఎలియావా బజారులో వాన పడితే
నేల, తాగిన ఇంజన్ ఆయిలంతా రంగులుగా కక్కుతుంది.
అలాంటి పూట నా కొట్టు ముందు ఆగాడు నోదార్.
జర్మన్ కారు. పక్కసీట్లో జుంబేర్.
వాళ్ళతో పాడే వాఖో రాలేదు,
పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని ఉన్నాడట.

కారు సముద్రం దాటి వచ్చింది.
ఎవరో ఎక్కడో గుద్దేసి వదిలించుకున్నది
రుస్తావీ మైదానంలో సొట్టలు తీయించుకుని
మళ్ళీ పెళ్ళికూతురైంది.
రంగు కొత్తది. స్పీకర్లు పుట్టింటివే.

వెనక అద్దం కింది పలక విప్పాను.
సబ్‌వూఫర్ కోను చుట్టూ ఉండాల్సిన స్పాంజి అంచు
వేలు తగలగానే
మాడిన అప్పడంలా రాలింది.
తీగచుట్టకి మీటరు పెట్టాను.
రెండు ఓమ్‌లకి రవ్వంత తక్కువ.
ప్రాణముంది. పట్టుకుని ఊగడానికే ఏమీ లేదు.

"ఏదన్నా పెట్టు" అన్నాను.
ఫోన్లోంచి పెట్టాడు, వాళ్ళ ముగ్గురిదే,
ఎవరి బిడ్డ నామకరణానికో విందుబల్ల దగ్గర పాడింది.
పై గొంతు జుంబేర్. నడిమి గొంతు వాఖో.
కింది గొంతును ఇక్కడ బాని అంటారు.
అది నోదార్‌ది.
అది లేదు.
ఆన్చుకోను గోడ లేని నిచ్చెనలా
రెండు గొంతులు గాల్లో నిలబడి ఉన్నాయి.

"ఏడాదిగా నా కారులో నేను లేను" అన్నాడు.
"లమారా అయితే ఇప్పుడే ప్రశాంతంగా ఉందంటోంది."

మా కుర్రాడు బద్రి ఊరుకుంటాడా,
పన్నెండంగుళాలది పెట్టెతో సహా ఎత్తుకొచ్చాడు.
దూడంత బరువు. డిక్కీలో దించి
మా ఆంప్‌కి తగిలించి
అదే పాట పెట్టాడు.

అద్దాలు వణికాయి.
ఎదురు కొట్టులో సైలెన్సర్లు అమ్మే ముసలాయన
చేతిలో టీతో బయటికొచ్చి ఆకాశం చూశాడు.
నోదార్ మొహం వెలిగిపోయింది.
కొండ నోరు తెరిచినట్టు తన గొంతు,
తనకే తెలియని తన గొంతు.
పాట అయ్యాక జుంబేర్ మెల్లగా అడిగాడు:
"ఇందులో నేనెక్కడున్నాను?"

కాసేపు వాన చప్పుడే.

ఈ బేరంలో నాకు నాలుగు డబ్బులు మిగిలేవి.
అయినా చెప్పాను.
ఆ పెట్టె పెడితే డిక్కీలో ఉల్లిగడ్డల బస్తా పట్టదు.
కారుతో వచ్చిన ఆంప్ దాన్ని కదిలించలేదు,
ఇంకొకటి కొనాలి, దానికి బ్యాటరీ నుంచి కొత్త తీగ లాగాలి.
కూత ఘనమని ఎంత పిట్టనైనా కొనొచ్చు,
గూడు కొలిచావా?

గూడు నేను కొలిచాను.
ఎనిమిది అంగుళాల వెడల్పు. లోతు ఎనిమిది సెంటీమీటర్లు,
ఆ కింద డిక్కీ మూత కడ్డీ వచ్చి తగులుతుంది.
పలచటి అయస్కాంతం కావాలి,
రెండు ఓమ్‌లు కావాలి,
అవి రెండూ ఒకే ఒంట్లో దొరకడం కష్టం.
మూడు అల్మరాలు వెతికాను.
ఒకటి అందంగా ఉంది, లోతు ఎక్కువ.
ఒకటి సరిగ్గా కూర్చుంది, నాలుగు ఓమ్‌లు,
పెడితే సగం బలమే అందుతుంది.
చివరికి దుమ్ములో బోర్లాపడి ఉన్నది దొరికింది:
రెండు తీగచుట్టలది, ఒక్కోటి నాలుగు.

"నాలుగూ నాలుగూ ఎనిమిది కదా" అన్నాడు జుంబేర్.
ఒకదాని వెనక ఒకటి కడితే ఎనిమిదే.
పక్కపక్కన కడితే రెండు.
అతను నా వైపు
అప్పు ఎగ్గొట్టేవాణ్ణి చూసినట్టు చూశాడు.
మీటరు చూపించాను. మీటరునీ అలాగే చూశాడు.

నాలుగు మరలు. ఒకటి తుప్పుపట్టి
నా బొటనవేలి చర్మం తీసుకుంది.
అంచు చుట్టూ మైనం పట్టీ అద్ది
తీగలు ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు కలిపి
పలక మూసేశాను.
చూడ్డానికి ఏమీ మారలేదు.
డబ్బిచ్చేవాడికి అది కాస్త బాధే.

పాట పెట్టాడు.
ముందుగా వచ్చింది గొంతు కాదు.
బల్ల కింద ఎవరి మోకాలో తగిలిన 'దబ్',
ఏడాదిగా ఆ కారులో వినపడనిది.
"వాఖో!" అన్నారిద్దరూ ఒక్కసారే.

తర్వాత నోదార్ కింద నిలబడ్డాడు,
తన ఎత్తులోనే.
జుంబేర్ అతని భుజాల మీద ఎక్కాడు.
పైమెట్టు దగ్గర వెనక నంబరు ప్లేటు గరగరమంది.
జుంబేర్ వానలోకి దిగి
ఖాళీ సిగరెట్టు పెట్టె మడిచి
ప్లేటు వెనక దోపి, అరచేత్తో నొక్కి పట్టుకుని,
"ఇప్పుడు పెట్టు" అని అరిచాడు.