పేచ్‌కస్

కుట్టు మిషన్ రోగం నాకు కంటికి కాదు, చెవికి తెలుస్తది.
పేచ్‌కస్ మొన మిషన్ ఒంటికి, పిడి నా చెవికి.
షటిల్ కాడ రాసుకుంటుందా, బెల్టు వదులైందా,
నూనె తాగి ఎన్నొద్దులైంది, అదే చెప్తది.

మెట్టుగూడల, రైల్వే క్వార్టర్ల ఎనక గల్లీల, మెల్విల్ సారు
రికార్డు ప్లేయరు బెల్టు తెగిందని పిలిచిండు.
వర్క్‌షాపుల ఫోర్‌మన్‌గ రిటైరయిండు,
వయసుల ఉన్నప్పుడు శనివారం డ్యాన్సులకు క్లారినెట్ ఊదినోడు.
బెల్టుకు పైసలిచ్చిండు. పోనియ్యలే.
"గింత చెవి పెట్టుకొని, ఉషా మిషన్ తప్ప
ఇంకేం వినవా పెంటయ్యా?"

అప్పటిసంది బుధవారం బుధవారం.
అట్ట గోడదిక్కు తిప్పిపెడ్తడు, పేరు కనపడకుంట.
"చెప్పు, ఏ తీరు?"

మొదటి నెల నాకు అన్నీ పెండ్లి బ్యాండే.
అన్నీ బాకాలే. అన్నీ బారాతే.
సారు నవ్వలే. సూది ఎత్తి మళ్ల మొదట్ల పెట్టిండు.

ఒకనాడు ఆ రికార్డుల అందరు ఒక్కసారే మాట్లాడుతున్నరు,
నల్ల కాడ బిందెల పంచాయితీ లెక్క,
కని ఎవ్వరి మాట ఎవ్వరికి అడ్డం వస్తలేదు.
"న్యూ ఆర్లీన్స్" అన్నడు. "సావుకు గూడ గిట్లనే ఊదుతరు వాళ్లు.
పోయేటప్పుడు మెల్లగ, మట్టి పెట్టినంక గంతులు."
నాకు కొత్త అనిపియ్యలే.
మా చిన్నాయన సావుకు అంబర్‌పేట దాంక డప్పులు ఎగిరినయి.

స్వింగు చెవి కన్న ముందు కాలికి దొరికింది.
ఫుట్ మిషన్ తొక్కినట్టు, సమంగ,
కని రెండో తొక్కుడు జరంత ఆగి పడ్తది.
ఆ జరంతల్నే ఉంది మొత్తం.

బీబాపు మూడు నెలలు సతాయించింది.
అఫ్జల్‌గంజ్ బస్సుల కండక్టరు
స్టాపుల పేర్లన్ని ఒక్క ఊపిరిల అంటడే, గట్ల.
పేర్లు తప్పు లేవు, నా చెవే ఎనకబడ్డది.

కూల్ అంటే ఏందో నన్నడగకుర్రి.
కరెంటు పోయినంక ఫ్యాను ఇంక తిరుగుతుంటది సూడు,
ఆ తిరుగుడు అన్న. సారు ఒప్పుకోలే.
ఇప్పటికీ ఒప్పుకోడు.

నడుమ నడుమ సౌండు పెంచుతనే పోయిండు సారు.
పక్కింటామె కిటికీలు మూసుకునుడు మొదలువెట్టింది.

వానకాలంల ఒక బుధవారం అట్ట తిప్పలే ఆయన.
పేరు నాకు కనపడుతనే ఉంది.
"డ్రమ్ములోడు ఏం చేస్తుండు?"
బ్రష్షులు సార్. వాకిలి ఊడ్చినట్టు.
"తాళం?"
సన్నగ, కుడిదిక్కు.
"ఇంక ఉందా?"
ఉంది సార్.

అప్పుడు సమజైంది. ఎన్ని బుధవారాలసంది
పరీక్ష కాదది. అడుగుతుండు.

నేనేం మాట్లాడలే. సంచిలకెల్లి పేచ్‌కస్ తీసిన.
మొన స్పీకరు చెక్కకు,
పిడి ఆయన చెవెనక బొక్కకు.
ఎంఎంటిఎస్ పోతుంటే పోయేదాంక ఆగినం.
సూది మళ్ల మొదట్ల పెట్టిన.

సారు కండ్లు మూసుకున్నడు. చానసేపు ఏమనలే.
అటెన్క అన్నడు:
"ఉరుకుతుండు వీడు. తాళం ఉరికిస్తుండు.
నలభై ఏండ్లసంది ఈ సంగతి నాకు ఒక్కడు చెప్పలే."