మడతకాలు

పెట్టెకి నాలుగు మూలలు చాలు.
మూలకో ఇనప పిడికిలి, తిప్పితే బిగుస్తుంది,
సముద్రం దాటొచ్చిన పెట్టె ఇంక మాట్లాడదు.

ట్రైలరు గొడవ వేరు.
దానికి వెనక చక్రాలున్నాయి, చక్రాల్లో గాలి ఉంది,
ఆ గాలికి సొంత ఊగు ఉంది.
ముందేమో రెండు బక్క కాళ్ళు,
నిలబడ్డానికే గానీ ప్రయాణానికి పనికిరావు.
లాగే బండి విడిచిపెట్టి వెళ్ళిపోయాక
గడ్డం ఎక్కడో ఒకచోట ఆనించుకోవాలి పాపం.

రెంటికీ కలిపి ఒకే వ్యాగన్ గియ్యమన్నారు నన్ను.

పదకొండు నెలలు గీశాను, వడ్లపూడి షెడ్డు వెనక గదిలో,
ఏసీ నీళ్ళు బకెట్లోకి టప్పు టప్పుమంటుంటే.
పైన కరెంటు తీగ, ఇరవై ఐదు వేల వోల్టులు,
దానికి మన ఇబ్బందులు చెప్పుకోలేం.
కింద పట్టా, ఇరుసు, చక్రం.
మధ్యలో మిగిలిన ఆకాశమే నాకిచ్చిన స్థలం.
నేలని జానెడు కిందికి దించాను.
మరో రెండు వేళ్ళ కోసం మూడు వారాలు
ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

చివరికి కుదిరింది మడతకాలు:
ట్రైలరొస్తే లేచి నిలబడి గడ్డం పట్టుకుంటుంది,
పెట్టెలొస్తే నేలలోకి పడుకుని
అసలక్కడ లేనట్టే ఉంటుంది.
మధురవాడ బళ్ళో తెలుగు మేష్టారు
సంధి వైకల్పికం అన్నప్పుడు,
జరిగినా ఒప్పే, జరక్కపోయినా ఒప్పే అన్నప్పుడు
ఇదేం రూలండీ అని బెంచీ అంతా నవ్వాం.
ముప్ఫయ్యేళ్ళు పట్టింది నాకది ఇనుములో అర్థం కావడానికి.

వెల్డర్ మజ్జి సూరీడు డ్రాయింగు వైపు చూళ్ళేదు.
చెయ్యి పెట్టి కీలు తడిమాడు.
"ఇక్కడ నీళ్ళు నిలుస్తాయి మేడమ్" అన్నాడు.
లెక్కలు చూపించాను. బరువు, కుదుపు, మలుపు,
పది లక్షలసార్లు ఊగినా విరగదని
కంప్యూటరు ఒప్పుకున్న కాగితం కూడా.
"ఇరగదు మేడమ్. నాకూ తెలుసు.
ఇరగదు. లెగదు."

ఒక్క వానాకాలం పోర్టు సైడింగులో ఉంచాం.
ఉప్పుగాలి, ఖనిజం దుమ్ము కలిసి
కీలు నిండా ఎర్రటి ముద్ద.
దసరా వెళ్ళాక నలుగురు పట్టి లాగినా
కాలు కదల్లేదు.
సూరీడు ఏమీ అనలేదు. సుత్తి తెచ్చాడు,
కిరసనాయిలు తెచ్చాడు. కాలు లేచాక
కీలు అడుగున రూపాయి బిళ్ళంత చిల్లు పొడిచాడు.
ఇప్పుడు డ్రాయింగులో ఆ చిల్లుకి ఒక నంబరుంది.
కాగితం కింద మూల గడులున్నాయి:
గీసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు.
తడిమినవారు అనే గడి లేదు.

ట్రయలు నాడు మొదటి ట్రైలరు తెచ్చింది
పెదగంట్యాడ కర్రి గవర్రాజు.
ర్యాంపు మీదుగా వెనక్కి తోసి, గొట్టాలు ఊడదీసి,
తల ఒక్కటే మిగిలిన లారీతో కిందికి దిగాడు.
"ఇదెల్తాది సరే. నానేటవ్వాలి?"
నవ్వుతూనే అడిగాడు.
ఇంటికెళ్ళి పడుకోవయ్యా అన్నారెవరో.
మర్నాడు పొద్దున్నే గేటు దగ్గర కనిపించాడు, కళ్ళెర్రగా.
"ఇరవై రెండేళ్ళు కదిలే బండిలో పడుకున్నోణ్ణండి.
రేత్రంతా మంచం కదల్లేదు."
నా దగ్గర దానికి లెక్క లేదు. టీ ఇప్పించాను.

పన్నెండో రోజు వ్యాగన్ తిరిగొచ్చింది, ఖాళీగా.
దువ్వాడ దాటి వస్తుంటే
దూరం నుంచే ఏదో తేడాగా కనిపించింది.
దించడం మర్చిపోయారు.
మడతకాలు లేచే ఉంది.
పైన ఏ బరువూ లేకుండా, ఎండలో,
నాగపూర్ నుంచి ఇక్కడిదాకా
గాలి గడ్డం పట్టుకునే వచ్చింది.